1-11 నుంచి 4-8: కొలరాడోలో డియాన్ శాండర్స్ మొదటి సీజన్ పాసా, ఫెయిలా?

బౌల్డర్_బాబాయ్:
మన కొలరాడో యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ శనివారం యూటా యూనివర్సిటీ చేతిలో 23-17తో ఓడింది. 2023 సీజన్ 4 గెలుపులు, 8 ఓటములతో ముగిసింది. కొత్త కోచ్ డియాన్ శాండర్స్‌ని తిట్టేవాళ్లు నిరుటి సంగతి చూసుకోండి: 12 ఆటల్లో గెలిచింది ఒక్కటే, అదీ కాలిఫోర్నియా మీద ఓవర్‌టైమ్‌లో. నా లెక్కలో పాసే.

తిక్క_శంకరయ్య:
మొదటి మూడూ గెలిచి, తర్వాత తొమ్మిదింట్లో ఒక్కటి గెలిచారు. ఇదా పాస్? స్టాన్‌ఫర్డ్ మీద సగం ఆటకి 29-0 ఆధిక్యం. ఇక అయిపోయిందిలే అని టీవీ కట్టేసి పడుకున్నా. పొద్దున చూస్తే రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 46-43తో ఓటమి!

బౌల్డర్_బాబాయ్:
ఎప్పుడూ ఆ స్టాన్‌ఫర్డేనా? నిరుటి సీజన్‌లో జాతీయ ఫైనల్ ఆడిన టీసీయూని (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) వాళ్ల గడ్డ మీదే 45-42తో ఓడించింది ఎవరు? ఏప్రిల్‌లో ప్రాక్టీస్ ఆటకే 47 వేల మంది వచ్చారు.

పచ్చిమిర్చి:
క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపేవాడు, కోచ్‌గారి అబ్బాయే కదా. మన సినిమావాళ్లే నయం 😀

బౌల్డర్_బాబాయ్:
ఆ అబ్బాయి షెడూర్ 27 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోరు తెచ్చినవి) విసిరాడు, ఇంటర్‌సెప్షన్‌లు (ఎదుటివాళ్లు పట్టేసినవి) మూడే. ముందు అడ్డుగా నిలబడే లైన్ ఆటగాళ్లు కాపాడలేక 52 సార్లు ఎదుటివాళ్ల చేతిలో కిందపడ్డాడు పాపం.

తిక్క_శంకరయ్య:
ఆ లైన్‌ని ఏరి తెచ్చింది ఎవరండీ? ఇంకోటి. మైదానంలో ఏ ఎత్తు వేయాలో చెప్పే పని కోచింగ్ సిబ్బందిలో షాన్ లూయిస్ దగ్గర తీసేసి పాట్ షర్మర్‌కి ఇచ్చారు. ఆ తర్వాత నాలుగు ఆటలు, నాలుగూ ఓటములే. స్టాన్‌ఫర్డ్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

డెన్వర్_శారద:
స్కోర్లు పక్కన పెట్టండి. శాండర్స్ వచ్చిన మొదటి మీటింగ్‌లోనే పాత ఆటగాళ్లని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లోకి (వేరే కాలేజీకి మారేవాళ్ల జాబితా) వెళ్లిపొమ్మన్నాడు, కెమెరా ముందు. స్కాలర్‌షిప్ మీదున్న పాతవాళ్లు చివరికి పదిమంది అటూ ఇటుగా మిగిలారు. మా ఆఫీసులోనూ ఇంతే. కొత్త డైరెక్టర్ వచ్చి, తన పాత కంపెనీ వాళ్లని దింపి, మమ్మల్ని పంపేశాడు. హెచ్‌-1బి మీదున్నవాళ్లకి 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే.

బౌల్డర్_బాబాయ్:
మధ్యలో మీ ఉద్యోగం గొడవేంటమ్మా? ఇది ఫుట్‌బాల్.

డెన్వర్_శారద:
మీ ఉద్యోగం పోలేదు కాబట్టి గొడవలాగే కనిపిస్తుంది.

పచ్చిమిర్చి:
టెన్షన్ వద్దు, టీ తాగండి ఇద్దరూ.

బౌల్డర్_బాబాయ్:
సరే, ఆఫీసు మాటే మాట్లాడదాం. 1-11 వచ్చిన టీమ్‌ని ఎవరైనా అలాగే ఉంచుతారా? పైగా కొత్త కోచ్ మొదటి ఏడాది ఆటగాళ్లని తప్పించడానికి రూల్ ఉంది. తప్పించినా స్కాలర్‌షిప్ పోదు, అక్కడే చదువుకోవచ్చు.

డెన్వర్_శారద:
రూల్ ఉందని నాకూ తెలుసు. పిల్లాడు ఆడటానికి వచ్చాడు బాబాయ్‌గారూ, వట్టి ఫీజు మాఫీ కోసం కాదు. 12-0 వచ్చినా నా మాట ఇదే.

బౌల్డర్_బాబాయ్:
అంటే మీ పేచీ 4-8తో కానే కాదన్నమాట! మొదట్లోనే చెప్పొచ్చుగా.

డెన్వర్_శారద:
మీరు పాసా ఫెయిలా అని రెండే అడిగారు.

తిక్క_శంకరయ్య:
29-0 అండీ. సగం ఆటకి. 29-0.