నడుస్తున్న సర్వరులో అడిగినన్ని హ్యూజ్ పేజీలు దక్కడం లేదు: బూట్ సమయంలోనే కేటాయించాలా?

ప్రశ్న
నమస్కారం. 128 జీబీ మెమరీ, రెండు ప్రాసెసర్ సాకెట్లు ఉన్న లినక్స్ సర్వరు మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడుపుతున్నాము. షేర్డ్ బఫర్లకు (కనెక్షన్లన్నీ కలిసి వాడుకునే డేటా మెమరీకి) 32 జీబీ ఇచ్చాము. కనెక్షన్లు వందల్లోకి చేరినప్పుడు పేజ్ టేబుళ్లే (ఏ మెమరీ పేజీ ఎక్కడుందో చూపే పట్టికలే) ఎన్నో జీబీలు ఆక్రమిస్తున్నందువల్ల మామూలు 4 కేబీ మెమరీ పేజీలకు బదులు 2 ఎంబీ హ్యూజ్ పేజీలకు మారదలిచాము. అయితే సిస్‌కంట్రోల్ (నడుస్తున్న లినక్స్ సెట్టింగులను మార్చే కమాండ్) ద్వారా 17,000 పేజీలు అడిగితే ఎర్రర్ ఏమీ రాకుండానే అందులో సగం కూడా దక్కడం లేదు. ఖాళీ మెమరీ మాత్రం 60 జీబీకి పైగా కనిపిస్తోంది. కారణం ఏమిటి? 1 జీబీ పేజీలు ఇంకా మేలా?

మొదటి జవాబు
మొత్తం ఖాళీ ఎంత ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదండి. ఒక్క 2 ఎంబీ పేజీకి భౌతిక మెమరీలో పక్కపక్కనే ఉన్న 512 మామూలు 4 కేబీ పేజీలు ఖాళీగా కావాలి. సర్వరు కొంతకాలం నడిచాక కెర్నల్ (లినక్స్ కేంద్ర భాగం) సొంత అవసరాలకు తీసుకున్న, కదిలించడానికి వీలులేని పేజీలు అక్కడక్కడా చెదిరిపోయి ఉంటాయి; కంపాక్షన్ (పేజీలను జరిపి ఖాళీని ఒకచోట చేర్చడం) ఎంత చేసినా వాటిని దాటి వరుస ఖాళీ దొరకదు. బూట్ తొలిదశలో మెమరీ ఇంకా ముక్కలు కాలేదు కాబట్టి, బూట్ లోడరైన గ్రబ్‌లోని కెర్నల్ కమాండ్ లైనులో సంఖ్య ఇవ్వడమే అన్నిటికన్నా నమ్మదగిన పద్ధతి. సిస్‌కంట్రోల్ ఫైలులో రాసి రీబూట్ చేసినా 2 ఎంబీ పేజీలు సాధారణంగా దక్కుతాయి.

మీ పేజ్ టేబుళ్ల లెక్క కూడా సహజమే. 32 జీబీని 4 కేబీ చొప్పున విభజిస్తే 83,88,608 ఎంట్రీలు. ఒక్కోటి 8 బైట్లు కాబట్టి, బఫర్లన్నిటినీ తాకిన ప్రతి ప్రాసెస్‌కూ (పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షనూ ఒక ప్రాసెస్) విడిగా 64 ఎంబీ. అలాంటివి 500 ఉంటే దాదాపు 31 జీబీ అక్కడికే పోతుంది. 2 ఎంబీ పేజీలతో ఒక్కో ప్రాసెస్‌కు 128 కేబీ చాలు.

సంఖ్యను మాత్రం ఉజ్జాయింపుగా ఇవ్వకండి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి, డేటాబేస్ ఆపి ఉన్నప్పుడు, ఎన్ని హ్యూజ్ పేజీలు కావాలో దాన్నే అడిగి తెలుసుకోవచ్చు. కేటాయించినవి స్వాప్‌కు (డిస్కు మీదికి) వెళ్లవు, ఫైల్ క్యాష్‌కు (డిస్కు ఫైళ్లను మెమరీలో ఉంచుకోవడానికి) పనికిరావు. ఎక్కువ కేటాయిస్తే, ఆ క్యాష్ మీద ఎంతో ఆధారపడే పోస్ట్‌గ్రెస్‌కే నష్టం.

రెండో జవాబు
1 జీబీ పేజీల గురించి: ఎక్స్86 కెర్నల్‌లో మామూలు అలొకేటర్ (మెమరీని పంచే భాగం) ఒక్కసారిగా ఇవ్వగల వరుస మెమరీ 4 ఎంబీ వరకే. అందుకే 1 జీబీ పేజీలను బూట్ సమయంలోనే కేటాయించుకోవాలి. ఆ తరువాత దొరకడం దాదాపు అసాధ్యం. కమాండ్ లైనులో ముందు పరిమాణం, దాని వెంటనే సంఖ్య రావాలి. కెర్నల్ డిఫాల్ట్ పరిమాణాన్ని గానీ, పోస్ట్‌గ్రెస్‌లోని హ్యూజ్ పేజ్ సైజ్ సెట్టింగును (14వ వెర్షను నుంచి) గానీ మార్చకపోతే డేటాబేస్ 2 ఎంబీ పేజీలనే వెతుక్కుంటుంది, మీ 1 జీబీ పేజీలు వృథాగా పడి ఉంటాయి. నా ఉద్దేశంలో మీ 32 జీబీకి 2 ఎంబీ పేజీలే సరిపోతాయి. పెద్ద వర్చువల్ మెషిన్లకైతే 1 జీబీ పేజీల గురించి ఆలోచించవచ్చు. బూట్‌లో అడిగిన పేజీలను కెర్నల్ రెండు న్యూమా నోడ్లకూ (ఒక్కో సాకెట్‌కు దగ్గరగా ఉండే మెమరీ భాగాలకూ) సమంగా పంచుతుంది; మీ డేటాబేస్ రెండు సాకెట్లనూ వాడుతుంది కనుక దాన్ని అలాగే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. బూట్‌లో అడిగినన్నీ దక్కాయి. కానీ డేటాబేస్ మొదలయ్యాక కూడా మెమ్‌ఇన్ఫోలో (లినక్స్ మెమరీ లెక్కలు చూపే ఫైలులో) దాదాపు అన్ని పేజీలూ ఖాళీ అనే చూపుతోంది. అది వాటిని వాడుతున్నట్టేనా?

మొదటి జవాబు ఇచ్చినవారు
ఖాళీ సంఖ్య పక్కన రిజర్వ్‌డ్ సంఖ్య కూడా చూడండి. డేటాబేస్ మొదలవగానే పేజీలు దాని పేరున రిజర్వ్ అవుతాయి. ఒక్కో బఫరును మొదటిసారి తాకినప్పుడే ఖాళీ సంఖ్య తగ్గుతుంది. రిజర్వ్‌డ్ సున్నాగా ఉండి ఖాళీ పూర్తిగా ఉంటే మాత్రం వాడడం లేదని అర్థం. హ్యూజ్ పేజెస్ సెట్టింగు డిఫాల్ట్‌గా ‘ట్రై’లో ఉంటుంది కాబట్టి, పేజీలు చాలకపోతే డేటాబేస్ మామూలు పేజీలతోనే మొదలైపోతుంది. దాన్ని ‘ఆన్’ చేయండి. అప్పుడు చాలనిపక్షంలో అది మొదలవకుండా ఆగిపోతుంది, లోపం మీకు ఆ క్షణమే తెలుస్తుంది.