యాంటీబయాటిక్ మొదలుపెట్టాక పాపకు విరేచనాలు: పెరుగన్నం పెట్టవచ్చా?

పాప అమ్మ, తెనాలి
మా పాపకు మూడేళ్లు. చెవిలో చీము పట్టిందని డాక్టరుగారు అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన సిరప్ రాశారు. చెవిపోటు తగ్గింది కానీ నిన్నటి నుంచి నీళ్ల విరేచనాలు. పాప ఆడుకుంటోంది, నీళ్లు తాగుతోంది. మందు ఆపేయమని పక్కింటివాళ్లు అంటున్నారు. అత్తగారు పెరుగన్నం పెట్టమంటే, జలుబు చేస్తుందని మావారు వద్దంటున్నారు. చెవికి ఇచ్చిన మందు కడుపును ఎందుకు పాడుచేస్తుంది?

విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్
అమ్మా, మందు మీ అంతట మీరు ఆపవద్దు. ఈరోజే డాక్టరుగారికి ఫోను చేసి చెప్పండి. మలంలో రక్తం, జ్వరం, మూత్రం తగ్గడం, మగత, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ మందుకు చెవిలోని బ్యాక్టీరియా, పేగులోని బ్యాక్టీరియా అన్న తేడా తెలియదు. మనకు అరగని పీచును పులియబెట్టి, పెద్దపేగు గోడకు ఆహారం అందించేవి కూడా దెబ్బతింటాయి. అరగని పిండిపదార్థం పేగులోకి నీటిని లాగుతుంది. చాలామందిలో కోర్సు అయ్యాక అదే సర్దుకుంటుంది. అరుదుగా, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి, దాని విషం పేగు గోడను గాయపరుస్తుంది. రక్తం గురించి అంత గట్టిగా చెప్పడానికి అదీ ఒక కారణం.

బ్యాక్టీరియాను మంచివి, చెడ్డవి అని పేర్లు పెట్టి విడదీయడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. ల్యాబులో బ్యాక్టీరియాను పెంచే మకాంకీ ప్లేటు మీద ఈ.కోలై అనే బ్యాక్టీరియా గులాబీ రంగు చుక్కలుగా పెరుగుతుంది. పేగులో అది సాధారణంగా ఉండేదే, కొంత విటమిన్ కె కూడా తయారుచేస్తుంది. మూత్రం నమూనాలో అదే గులాబీ రంగు ప్లేటు నిండా వస్తే మాత్రం వెంటనే రిపోర్టు రాసేవాళ్లం. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా అదే ప్లేటు మీద రంగు లేకుండా పెరుగుతుంది. దానితో మేలేమీ లేదు.

పెరుగన్నం పెట్టండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది. పెరుగే విరేచనాలకు మందు అని చెప్పను, అందులోని బ్యాక్టీరియా పేగులో ఎక్కువ కాలం నిలవదు. కానీ పాలలోని లాక్టోజు అనే చక్కెరను కొంత ముందే అరిగించి ఉంచుతుంది కాబట్టి ఇప్పుడు పాల కంటే అదే తేలిక. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ లాంటి మందులైతే పెరుగుతో కలిపి వేసుకోకూడదు, కాల్షియం వాటిని పట్టేస్తుంది. పాప సిరప్‌కు ఆ ఇబ్బంది లేదు.

పిల్లల వార్డు నర్సు
ఓ.ఆర్.ఎస్. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక్కసారే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం పొడి, గ్లాసు నీళ్లు అని కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి. జింక్ ఎంత ఇవ్వాలో డాక్టరుగారినే అడగండి.

పాప అమ్మ, తెనాలి
ఫోను చేశాను. కోర్సు పూర్తి చేయమన్నారు. పెరుగన్నం వద్దని మారాం చేస్తోంది, మజ్జిగ పులుసు పెట్టినా అంతేనా?

విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్
పులుసు మరిగితే ఆ బ్యాక్టీరియా చనిపోతుంది. అన్నం లోపలికి వెళ్లాలి కాబట్టి కారం లేకుండా అదే పెట్టండి. ఇంకొక మాట: నీళ్లు కలిపిన ఆ సిరప్ ఫ్రిజ్‌లో పెట్టినా వారం రోజులే పనికొస్తుంది. మిగిలింది వచ్చే జ్వరానికని దాచవద్దు.