అమెరికా సుంకం వేస్తే మన గుంట దగ్గర రేటెందుకు పడాలి?

విడవలూరు కుర్రోడు:
2025 ఏప్రిల్ నుంచి నాకు అంతుపట్టని సంగతి ఇది, తెలిసినవాళ్లు చెప్పండి. ట్రంప్ 26 శాతం సుంకం అని ప్రకటించగానే మన నెల్లూరు వైపు వనామీ రొయ్య రేటు పడిపోయింది. వారానికే 10 శాతం ఉంచి మిగతాది వాయిదా వేశారు. మళ్లీ ఆగస్టు 7న 25, 27న ఇంకో 25, మొత్తం 50 శాతం చేశారు. ఆ సుంకం కట్టేది అక్కడ సరుకు దించుకునే కంపెనీ, మా నాయన కాదు. ఇక్కడ మేత రేటు తగ్గలేదు, లీజు తగ్గలేదు. మరి రేటులో కోత రొయ్యల గుంట దగ్గరే ఎందుకు? అమలు కాని సుంకానికి కూడా రేటు తగ్గించడం ఏజెంట్ల మోసమా, ఇందులో ఏదైనా లెక్కుందా?

కావలి లెక్చరర్:
లెక్క ఉంది బాబూ. ఇవాళ పట్టిన రొయ్య ప్రాసెసింగ్ ప్లాంటుకెళ్లి, తల తీసి, ఫ్రీజ్ చేసి, కంటైనరెక్కి అమెరికా రేవు చేరేసరికి వారాలు పడుతుంది. అప్పటికి సుంకం ఎంతుంటుందోనని కొనేవాడు ఇవాళ్టి రేటులోనే కోసేస్తాడు. ఇక భారం ఎవరిదనేది చలానా ఎవరి పేరు మీదుందో చూస్తే తేలదు, వేరే దారి లేనివాడి మీద పడుతుంది. అమెరికా కంపెనీకి ఈక్వెడార్ ఉంది, అక్కడా వనామీయే, ఆగస్టులో వాళ్ల మీద వేసింది 15 శాతమే. దాంతో మన ఎగుమతిదారు తగ్గించక తప్పదు, ఆయన ఏజెంటు మీదికి తోస్తాడు, ఏజెంటు రైతు మీదికి. రైతు ఎవరి మీదికి తోయాలి? అలాగని తగ్గిందంతా సుంకమేనని నమ్మొద్దు. వార్త రాగానే పడిన రేటు, వాయిదా వార్త రాగానే అంతే వేగంగా లేవాలి కదా. లేవకపోతే అది బేరబలం.

ఇందుకూరుపేట రైతు:
సార్ చెప్పింది నిజం, కానీ అసలు సమస్య ఆగలేకపోవడం. వడ్లయితే బస్తాలకెత్తి ఇంట్లో పెట్టుకుంటాం, రొయ్యని ఎక్కడ పెడతాం? కౌంటు రోజు వల విసిరి, కిలో తూచి, ఒక్కొక్కటీ లెక్కపెడతారు. అరవై వచ్చిందనుకోండి, రేటు లేదని ఇంకో పది రోజులు ఆపితే రోజూ మేత, రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, కరెంటు పోతే జనరేటర్‌కి డీజిల్. ఈలోగా రొయ్య తింటోందా లేదా చూసే చెక్ ట్రేలో మేత మిగిలి, జబ్బు గుర్తుగా తెల్ల రెట్ట తేలిందంటే ఇక నిద్ర ఉండదు. గుంటంతా చంపేసే వైట్ స్పాట్ వైరస్ అయితే అదే రోజు పట్టేయాలి, ఆ సంగతి ఏజెంటుకి మనకంటే ముందే తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీలు ఎక్కువగా ప్లాంట్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ప్రభుత్వం ఆక్వా రైతుకి యూనిట్ రూపాయిన్నరకి కరెంటివ్వడం మంచిదే, కాదనను. కానీ రైతు తన సరుకు ఫ్రీజ్ చేయించుకుని, దాచుకుని, దాని మీద బ్యాంకు అప్పు తెచ్చుకునే ఏర్పాటు లేకపోతే ఆ రాయితీలో సగం కొనేవాడి జేబులోకే పోతుంది.

ఒంగోలు నుంచి:
మా జిల్లాలో పొగాకు బోర్డు వేలం కేంద్రాలు ఉన్నాయి, అక్కడ బయ్యర్లు పోటీపడి ధర పెడతారు, అది నచ్చకపోతే రైతు తన పొగాకు బేలు (కట్ట) వెనక్కి తెచ్చుకోవచ్చు. బోర్డు వేలంలో లేని బర్లీ రకం పొగాకు రైతులు 2025లో కొనే నాథుడు లేక ఎంత ఏడ్చారో కూడా చూశాం. రొయ్యకి అచ్చంగా అదే కుదరదు, చచ్చిన రొయ్య ఐసులో ఎంతసేపుంటుంది? కానీ పట్టుబడికి ముందురోజే కౌంటు పెట్టి ఫోన్లో వేలం వేస్తే, కనీసం ముగ్గురు పాడితే, ఒక్క ఏజెంటు చెప్పిందే రేటు కాకుండా పోతుంది. ఇక ‘మన రొయ్య మనమే తినాలి’ అనే మాట నాకూ ఇష్టమే. అయితే గుంట దగ్గర ఎంత పడినా ఊళ్లో చేపల మార్కెట్లో కిలో ధర పెద్దగా దిగదు, ముందు అది దిగితే కదా జనం కొనేది.

విడవలూరు కుర్రోడు:
ఫోన్ వేలం మాట నాయనకి చెప్పాను. చాలామంది సీడుకీ (రొయ్య పిల్లలకీ) మేతకీ ఏజెంటు దగ్గరే అప్పు తీసుకుని ఉంటారు, వాళ్లు వేరేవాడికి అమ్మగలరా అన్నాడు. మా పక్క గుంటలవాళ్లలో అప్పు లేనివాళ్లని ముందు అడుగుతున్నా, ఒకే వారం పట్టుబడి పెట్టుకుంటారేమో చూడాలి.