మెడ వెన్నుపాము గాయం: వెంటిలేటర్ ఎన్నాళ్లో ఎంఆర్ఐ చూసి చెప్పగలరా?

మేం చెన్నైలో ఉంటాం. మా తమ్ముడికి 34 ఏళ్లు. మేడ మెట్ల మీంచి పడి ఇవాళ్టికి 11 రోజులు. సీ5 (మెడలో ఐదో వెన్నుపూస) దగ్గర ఎముక జరిగింది. భుజాలు కొంచెం కదుపుతున్నాడు, కింద స్పర్శ లేదు. ఏషియా గ్రేడ్ ఏ, అంటే వెన్నుపాముకి పూర్తి స్థాయి గాయం అని రాశారు. మూడో రోజు ఆపరేషన్ అయింది.

రెండో రోజు తీసిన ఎంఆర్ఐలో వెన్నుపాము వాపు సీ3 నుంచి సీ6 దాకా ఉంది, మధ్యలో చిన్న రక్తస్రావం. ఊపిరి పీల్చే కండరమైన డయాఫ్రమ్‌ను నడిపే నరం సీ3, సీ4, సీ5ల నుంచే బయల్దేరుతుందట. అందుకే రిపోర్టులో ఆ సీ3 అన్న మాట దగ్గరే నా ప్రాణం కొట్టుకుంటోంది.

వెంటిలేటర్ ట్యూబు రెండుసార్లు తీసి చూశారు. ఏడో రోజు 5 గంటలు ఆగగలిగాడు. తొమ్మిదో రోజు రాత్రంతా బాగానే ఉన్నాడు, తెల్లవారేసరికి కఫం దగ్గి బయటికి తీయలేక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయింది. మళ్లీ ట్యూబు వేశారు. ఇప్పుడు ట్రకియాస్టమీ (గొంతు ముందు రంధ్రం చేసి ఊపిరి గొట్టం పెట్టడం) చేద్దామంటున్నారు, దానికి ఒప్పుకున్నాం. ఎంఆర్ఐ సీడీ పట్టుకుని ఇంకో న్యూరోసర్జన్‌ని కూడా కలిశాను. వాపు తగ్గేదాకా ఏమీ చెప్పలేమన్నారు.

మీవాళ్లెవరికైనా ఇలాగే సీ3 దాకా వాపు ఉండి, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఎంఆర్ఐ గానీ డయాఫ్రమ్ అల్ట్రాసౌండ్ గానీ తీయించి ఉంటే, వెంటిలేటర్ తీసేయగలమా లేదా అన్నది దాన్నిబట్టి ముందే తెలిసిందా అండీ?