ఒక్క పేజీ రూల్స్ ఉన్న ఆటలు కొత్తవాళ్ళకా, అనుభవం ఉన్నవాళ్ళకా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను గేమ్ మాస్టర్‌గా, అంటే కథ చెబుతూ ఆట నడిపించే మనిషిగా, కూర్చోవడం మొన్న శనివారమే మొదలు. ఆడేవాళ్ళు నలుగురు, అందరికీ ఇదే మొదటి టేబుల్‌టాప్ ఆర్పీజీ (తలా ఒక పాత్ర పట్టుకుని మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట). డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట రూల్స్ పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 300 పేజీలు దాటింది, అంత చదవమంటే ఎవరొస్తారని జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ తీసుకున్నాను. రూల్స్ మొత్తం ఒకే పేజీ. పాత్రకి 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె. యంత్రాలు, తర్కం అయితే పాచిక ఆ అంకె కంటే తక్కువ పడాలి. మాటలతో ఒప్పించడం, మనసుతో పసిగట్టడం అయితే ఎక్కువ పడాలి. పది నిమిషాల్లో అందరికీ అర్థమైంది.

ఆట మొదలయ్యాక మాత్రం బండి కదల్లేదు. కథలో మా అంతరిక్ష ఓడలో తలుపు బిగుసుకుపోయింది, అవతల ఏదో గీకుతున్న చప్పుడు. "ఏం చేస్తారు?" అన్నాను. మా చెల్లెలు కాగితం ఇటూ అటూ తిప్పి, "ఇందులో 4 అని తప్ప ఏమీ లేదు కదక్కా, నేనేం చేయొచ్చు?" అంది. "ఏదైనా చేయొచ్చు" అన్నాను. దాంతో పూర్తిగా నోరు మూసుకుంది. నిజానికి ఇవి బాగా ఆడినవాళ్ళ కోసం రాసినవా? పెద్ద పుస్తకానికి మారాలా?

జవాబు 1:
మారిపోండి. జాబితా ఉన్న ఆటే కొత్తవాళ్ళకి ఆసరా. విజార్డ్‌కి ఏ మంత్రాలు వచ్చో కాగితం మీదే ఉంటుంది. నేను మొదటిసారి ఆడినప్పుడు నోరు పెగల్లేదు. స్కిల్స్ వరసలో ఒకదాని మీద వేలు పెట్టి "ఇది" అని చూపించి ఆడాను. ఆ వరస లేకపోతే లేచి వెళ్ళిపోయేదాన్ని.

జవాబు 2:
పైన చెప్పింది నిజమే, కానీ నేను మారమనను. రూల్స్ తగ్గితే పని తగ్గదండీ, పుస్తకం మోసే బరువు గేమ్ మాస్టర్ నెత్తిన పడుతుంది. మీ టేబుల్ దగ్గర కొత్తవాళ్ళు నలుగురు కాదు, మీతో కలిపి ఐదుగురు. చిక్కల్లా అక్కడే.

మీ చెల్లెలి కాగితం మీద 4 ఒక్కటే ఉండకూడదు. ఆ ఆటలో ప్రతి పాత్రకీ ఒక తీరు, ఒక ఉద్యోగం ఉంటాయి: డాక్టరో, పైలట్టో, ఇంజినీరో. ఆ ఉద్యోగాన్ని పట్టుకుని అడగండి. "నువ్వు ఇంజినీరువి. తలుపు పక్కన పెట్టె మూత ఊడి తీగలు వేలాడుతున్నాయి, ఒకటి ఇంకా వెచ్చగా ఉంది. అవతల గీకుడు ఆగి ఆగి వస్తోంది. తీగలు చూస్తావా, చెవి పెట్టి వింటావా?" రెండు చూపిస్తే చాలు, మూడోది వాళ్ళే వెతుక్కుంటారు.

అనుభవం ఉన్నవాళ్ళకి ఇవి సులువనీ అనుకోకండి. ఏళ్ళ తరబడి డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిన ముగ్గురితో కెయిర్న్ అనే తక్కువ రూల్స్ ఆట ఆడించాను. అందులో దెబ్బ తగిలిందా లేదా అని పాచిక వేయడం ఉండదు. కొడితే తగిలినట్టే, ఎంత గాయమో తేల్చడానికే పాచిక. ముందే చెప్పాను. అయినా అలవాటు కొద్దీ గుహలోకి ఎదురెళ్ళారు, రెండో రౌండు అయ్యేసరికి ఇద్దరు నేలకూలారు. అదే రోజు మొదటిసారి ఆడుతున్న అమ్మాయి దీపం నూనె మెట్ల మీద ఒంపి పైన కాచుకుని కూర్చుంది. ఆమెకి మరిచిపోవాల్సిన అలవాటు ఏదీ లేదు మరి.

నన్నడిగితే ఇవి కొత్త ఆటగాళ్ళకి, అనుభవం ఉన్న గేమ్ మాస్టర్‌కి. ఆ అనుభవం ఆడిస్తేనే వస్తుంది. ఇంకో వారం ఇదే ఆడించండి.

జవాబు 3:
నడిమి దారి కావాలంటే 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ పద్ధతిలో రాసిన ఆటలు చూడండి. ఏ పని చేస్తే పాచికలు వేయాలో 'మూవ్స్' పేరుతో రాసే ఉంటుంది. రెండు పాచికల మొత్తానికి పాత్ర అంకె కలిపితే 10 గానీ ఆపైన గానీ వస్తే అనుకున్నది జరుగుతుంది. 7 నుంచి 9 అయితే జరుగుతుంది గానీ ఏదో ఒక చిక్కు తగులుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండో శనివారం కూడా అదే ఆడించాను. ఉద్యోగాలు రాయించడం నేనే మరిచిపోయాను, ఈసారి రాయించాను. తీగల సంగతి చెప్పగానే మా చెల్లెలు వాటిని వదిలేసి తలుపుకి చెవి ఆనించింది. పాచిక సరిగ్గా 4 పడింది. అంకె కచ్చితంగా పడితే గేమ్ మాస్టర్‌ని ఒక ప్రశ్న అడగొచ్చు, నిజమే చెప్పాలి. "ఆ గీకేది లోపలికి రావాలనుకుంటోందా, బయటికి పారిపోవాలనుకుంటోందా?" అని అడిగింది. అది నేనెప్పుడూ ఆలోచించలేదు. కాసేపాగి "బయటికి" అన్నాను. టేబుల్ మీద వేలితో రెండుసార్లు నెమ్మదిగా తట్టి, "నేనూ ఇలా తడతాను, బదులిస్తుందేమో చూద్దాం" అంది.