అప్‌డేట్: జారిన రొమ్ములకి బ్రా, కింద ఒరుపు గురించి అడిగాను కదా

రెండో బాబుకి పాలు మాన్పించాక బాగా జారిపోయాయి, కింద మడతలో ఒరుసుకుపోయి మంట అని రాశాను గుర్తుందా అక్కలూ, ఇప్పుడు చాలా నయం. ఎవరో టేపుతో కొలుచుకోమన్నారు కదా, కొలిస్తే రొమ్ము కింద చుట్టూ 34 అంగుళాలు, రొమ్ముల మీదుగా 38, నేనేమో ఇన్నేళ్ళూ 38బి వేసుకుంటున్నా! తేడా నాలుగంగుళాలంటే డి కప్పు అంట, జగదాంబ దగ్గర షాపులో 34డి అడిగితే ఆ అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది, వేసుకుంటే సరిగ్గా సరిపోయింది. బరువు మోయాల్సింది కింద పట్టీ అంట, నేను భుజాల పట్టీలు లాగి లాగి గాడులు పడేలా చేసుకున్నా. కొత్తది బయటి హుక్కుకే పెట్టుకుంటున్నా, సాగాక లోపలికి జరపొచ్చు.

మంటకి స్కిన్ డాక్టర్ ఫంగస్ అని క్రీము రాశారు, పౌడర్ మానేయమన్నారు, చెమటకి ముద్ద కడుతుందిట. మన వైజాగ్ ఉక్కపోతలో స్నానం చేసి రెండు నిమిషాలు ఫ్యాన్ కింద ఆరనిచ్చాకే బ్రా, మధ్యాహ్నం తడిస్తే ఇంకోటి, మడతలో మెత్తటి పాత నూలు చీర ముక్క. బ్రాతో పైకి లేచిపోతాయని మాత్రం ఎవరూ ఆశపడకండి, విప్పితే మళ్ళీ మామూలే 😄