అప్‌డేట్: ట్రాక్టర్ ఇల్లు చేరింది

మిర్యాలగూడలో కొన్న సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్‌ని ట్రైలర్ మీద ఖమ్మం తెచ్చుకోవాలి, మోకులతో కడితే సరిపోతుందా అని అడిగాను కదా. బండి క్షేమంగా వచ్చింది. మీలో చాలామంది మోకులు వద్దన్నారు, గొలుసులే వాడాం.

ట్రైలర్ తెచ్చిన డ్రైవర్ పెద్దాయన. గొలుసులు ముట్టుకోకముందే ట్రాక్టర్ని కాస్త ముందుకు జరిపించాడు. బరువంతా వెనకే పడితే స్పీడులో ట్రైలర్ తోక ఊపుతుందట. తర్వాత కుడి, ఎడమ చక్రాలకి విడివిడిగా ఉండే బ్రేక్ పెడళ్లు రెండూ కలిపి, హ్యాండ్ బ్రేక్ లాగి, లో గేర్లో ఉంచి ఇంజిన్ ఆపాడు. టైర్లకి ముందూ వెనకా చెక్క దిమ్మలు.

గొలుసులు నాలుగు: ముందు యాక్సిల్‌కి రెండు, వెనక డ్రాబార్ (పనిముట్లు తగిలించే కడ్డీ) దగ్గర రెండు. ముందువి ముందుకీ, వెనకవి వెనక్కీ లాగేలా బిగించాడు. మా బావమరిది ఒక కొక్కెం స్టీరింగ్ రాడ్డుకి తగిలించబోతే, "అది వంగిందంటే చక్రాలు చెరో దిక్కు చూస్తాయి బాబూ" అని తీయించాడు.

బెల్టులు అనవసరం అన్నవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. విడిగా ఎక్కించిన రోటవేటర్ని (మట్టి గుల్ల చేసే పనిముట్టు) పట్టుకున్నవి అవే.

కొంత దూరం వెళ్లాక ఆపి చూస్తే వెనక గొలుసు ఒకటి వదులైంది. గతుకులకి టైర్లు అణగి లేస్తుంటే అంతేనట. మళ్లీ బిగించి బయలుదేరాం.

కాగితాల గురించి అడిగినవాళ్లకి: బండి నా పేరు మీదకి మార్చుకునే ఫారం 29, 30 మీద అమ్మినాయన సంతకాలు అక్కడే పెట్టించుకున్నా.